ఆయిల్ ఇంకిన నేలను గడ్డి వేళ్లతో, బ్యాక్టీరియాతో శుద్ధి చేసే పద్ధతి

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఏళ్ల తరబడి లారీ మరమ్మతులు జరిగిన షెడ్డు ఖాళీ అయ్యాక మిగిలే నేల నల్లగా, జిడ్డుగా ఉంటుంది. దానిపై నీళ్లు పోస్తే ఇంకకుండా పక్కకు జారిపోతాయి. ఆ మట్టిని తవ్వి మరోచోట పోస్తే కాలుష్యం చోటు మారుతుందే తప్ప తగ్గదు. మొక్కలను, వాటి వేళ్లను అంటిపెట్టుకుని బతికే బ్యాక్టీరియాను కలిపి వాడితే నూనెలో చాలా భాగాన్ని ఉన్నచోటే విచ్ఛిన్నం చేయవచ్చు. ఇందులో నూనెను తినేది ప్రధానంగా బ్యాక్టీరియా. వేళ్లు చక్కెరలను, సేంద్రియ ఆమ్లాలను స్రవిస్తూ, నేలను గుల్లబరచి గాలి అందిస్తూ ఆ బ్యాక్టీరియాను పోషిస్తాయి. కింద చెప్పిన జాగ్రత్తల్లో చాలావరకు ఆ బ్యాక్టీరియాను బతికించుకోవడానికే.

ముందుగా మట్టి పరీక్ష చేయించాలి. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో సీసం, జింకు వంటి లోహాలు కూడా ఉంటాయి. బ్యాక్టీరియా నూనెను కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మార్చగలదు గాని లోహాన్ని మాయం చేయలేదు. కాబట్టి మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లతో (అంటే మట్టిలోని నూనె పదార్థాలన్నిటితో) పాటు సీసం, కాడ్మియం, క్రోమియం, జింకు, ఉదజని సూచిక (pH, అంటే ఆమ్ల-క్షార స్థాయి), నత్రజని ఎంతెంత ఉన్నాయో తెలియాలి. స్థలంలో పలుచోట్ల 0–15, 15–30, 30–60 సెంటీమీటర్ల లోతుల్లో నమూనాలు విడివిడిగా తీయాలి. నూనె పరీక్షకు పంపే మట్టిని గాజు సీసాలో నిండుగా నింపి, మూత బిగించి, ఐసు పెట్టెలో పంపాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే తేలిక హైడ్రోకార్బన్లు ఎగిరిపోయి లెక్క తప్పుతుంది.

పిండితే నూనె కారేంతగా నానిన పైమట్టిలో మొక్క బతకదు. దాన్ని గీకి వేరుచేసి, కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేసి, 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న కేంద్రానికి అప్పగించాలి. తెలంగాణలో దుండిగల్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో పరవాడలో అలాంటి కేంద్రాలు ఉన్నాయి. మిగిలిన మట్టిని కుండీలో నింపి, పక్కనే మరో కుండీలో శుభ్రమైన మట్టి పెట్టి, రెండింటిలోనూ 20 చొప్పున జనుము గింజలు వేసి రెండు వారాలు గమనించాలి. మొలకల సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు, మొక్కను పెకలించి వేరును కూడా చూడాలి. వేరు పొట్టిగా, లావుగా ఉండి కొన గోధుమరంగుకు తిరిగితే, ఆ మట్టిలో ఇంకా ఎరువు కలిపి పలుచన చేయక తప్పదని అర్థం.

తొలకరికి ముందే స్థలం చుట్టూ గట్టు వేసి, వాననీటితో నూనె బయటికి కొట్టుకుపోకుండా చూసుకోవాలి. తర్వాత 30 సెంటీమీటర్ల లోతు వరకు గుల్ల చేసి, బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. నూనెలో కార్బన్ విపరీతంగా ఉంటుంది, నత్రజని మాత్రం అత్యల్పం. ఆ కార్బన్‌ను తినే బ్యాక్టీరియా నేలలో ఉన్న నత్రజనిని లాగేసుకోవడంతో మొక్క పాలిపోతుంది. అందుకే కార్బన్, నత్రజని, భాస్వరం 100:10:1 పాళ్లలో ఉండేలా చూడమంటారు. అయితే లెక్కకు వచ్చిన యూరియానంతా ఒకేసారి చల్లితే లేత వేళ్లు మాడిపోతాయి కనుక విడతలుగా వేయడమే క్షేమం. నేల ఎప్పుడూ పదునుగా ఉండాలి: పిడికెడు మట్టి పిసికితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. నీరు నిలిస్తే గాలి అందక బ్యాక్టీరియా పని మందగిస్తుంది.

బ్యాక్టీరియాను ముందుగా ఆ స్థలంలోనే వెతకడం మంచిదని నా నమ్మకం. నూనె మరక అంచున తనంతట తానే బతికిన గరికను వేళ్లతో సహా పెకలించి దులిపితే, వదులు మట్టి రాలిపోయి, వేళ్లకు పలుచని పూతలా అంటుకున్న మట్టి మాత్రం మిగులుతుంది. ఆ నూనెకు అలవాటుపడిన సూడోమోనాస్, బాసిల్లస్, రోడోకాకస్ వంటి జాతులు ఉండే అవకాశం అక్కడే ఎక్కువ. వాటిలో కొన్ని, ఒత్తిడికి లోనైన వేళ్లలో, ఎదుగుదలను అణచే ఎథిలీన్ అనే వాయువు పెరగకుండా అడ్డుకుని వేరు ఎదుగుదలను కాపాడతాయి. ఆ మట్టిని కొద్దిపాటి స్థలం మట్టితో పాటు కంపోస్టులో కలిపి, నీడన తడి ఆరనీయకుండా రెండు వారాలు తిరగేస్తూ ఉంచి, నాటేటప్పుడు గుంటల్లో వేయాలి. ఎరువుల దుకాణంలో దొరికే సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ పొడి తెగుళ్ల నివారణకు తయారైనది. అది మొక్కకు మేలు చేయవచ్చు గాని నూనెను తింటుందని దానిపై ఆధారపడకూడదు. నూనె కాలుష్యం కోసమే ఎంపిక చేసిన మిశ్రమం కావాలనుకుంటే టెరి (TERI) అనే పరిశోధన సంస్థ రూపొందించిన ఆయిల్‌జాపర్ వంటివి ఉన్నాయి.

మొక్కల్లో నా మొదటి ఎంపిక వట్టివేరు గడ్డి. దాని వేళ్లు దట్టంగా అల్లుకుని, అనువైన నేలలో 3 మీటర్ల వరకు కూడా దిగుతాయి. రెండు మూడు పిలకలున్న దుబ్బులను 15 సెంటీమీటర్ల ఎడంతో నాటి, చాళ్ల మధ్య జనుము గాని జీలుగ గాని చల్లాలి. వాటి వేరుబుడిపెల్లోని రైజోబియం గాలిలోని నత్రజనిని స్థిరీకరించి యూరియా అవసరాన్ని తగ్గిస్తుంది. స్థలానికి కంచె వేసి పశువులను రానీయకూడదు, కోసిన గడ్డిని మేతగా వాడకూడదు. ఆ నేలలో పెరిగిన వట్టివేళ్లను కూలర్ తడికెలకు అమ్మడం గాని, తాగునీటి కుండలో వేయడం గాని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు, ఎందుకంటే ఈ గడ్డి పీల్చుకున్న లోహంలో ఎక్కువ భాగం వేళ్లలోనే నిలిచిపోతుంది.

పరీక్షలో లోహాలు ఎక్కువగా తేలితే దారి వేరు. వట్టివేరు వాటిని కదలకుండా పట్టి ఉంచుతుందే గాని నేల నుంచి తొలగించదు. ఆర్సెనిక్ అయితే, పాత గోడల మీద మొలిచే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ దాన్ని ఆకుల్లోకి లాగుతుందని 2001లో ఫ్లోరిడా శాస్త్రవేత్తలు ప్రకటించారు. కోసిన ఆ ఆకులు కూడా ప్రమాదకర వ్యర్థమే. సీసం కోసం ఆవ మొక్కలు వేసి, లోహాన్ని కరిగించే ఈడీటీఏ అనే రసాయనం పోయడాన్ని నేను సమర్థించను, ఎందుకంటే కరిగిన సీసం మొక్కకు అందకముందే భూగర్భ జలంలోకి దిగే ప్రమాదం ఉంది.

ఒక మూల కొద్ది స్థలాన్ని మొక్కలు, బ్యాక్టీరియా వేయకుండా వదిలి, ఎరువూ నీళ్లూ మాత్రం సమానంగా ఇవ్వాలి. ఆ పోలిక లేకపోతే దానంతటదే ఆవిరైన నూనెను కూడా మన ఖాతాలో వేసుకుంటాం. ఆరు నెలలకోసారి అవే లోతుల్లో నమూనాలు తీసి పరీక్షించాలి. తేలిక నూనెలు ముందు తగ్గుతాయి. బరువైనవి బంకమట్టిని అంటుకుని ఏళ్ల తరబడి ఉంటాయి. పైపొర శుభ్రపడినా 60 సెంటీమీటర్ల దగ్గర నూనె మిగిలి ఉంటే వట్టివేరును తీయకుండా కొనసాగించాలి. ఆ నేలలో కూరగాయలు వేయాలనుకునేవారు నూనె తగ్గిన తర్వాత కూడా లోహాల పరీక్షను విడిగా మళ్లీ చేయించాలి.