మోయాబ్ ఎర్రరాతి లోయల్లో తొలిసారి జీపు నడపబోతున్నారా?

సాల్ట్ లేక్ సిటీ నుంచి నాలుగు గంటలు కారు నడిపితే యూటా ఆగ్నేయ మూలన మోయాబ్ వస్తుంది. ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్ పార్కులు చూడటానికి వచ్చిన మనవాళ్లు ఊళ్లో వరసగా నిలబెట్టిన అద్దె జీపులు చూసి ఒకరోజు సరదా పడతారు. పడొచ్చు. అక్కడ అద్దెకిచ్చే జీపు మోడల్ రాంగ్లర్ మీరనుకున్న దానికన్నా ఎక్కువే ఎక్కుతుంది. కొత్తవాళ్లు ఇరుక్కునేది బండికి సత్తువ చాలక కాదు, దారి తప్పుగా ఎంచుకుని, దాని మీద తొందరపడి.

బండి

ఎయిర్‌పోర్టులో అద్దెకు తీసుకున్నది జీపే అయినా మట్టిదారి ఎక్కించకండి. మామూలు అద్దె కాంట్రాక్టులు ఆఫ్‌రోడ్‌ని ఒప్పుకోవు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్‌తో పాటు క్రెడిట్ కార్డు ఇచ్చే కవరేజీ కూడా చేతులెత్తేస్తుంది. మోయాబ్‌లోనే ఆఫ్‌రోడ్ కోసం జీపులిచ్చే దుకాణాల్లో తీసుకోండి. వాళ్లు ఏ దారులకు వెళ్లవచ్చో జాబితా ఇస్తారు. నడిపేవాళ్లకి 25 ఏళ్లు నిండాలని చాలాచోట్ల నియమం ఉంటుంది.

తాళాలు తీసుకునే ముందు అడగాల్సినవి: టైర్లలో గాలి తగ్గించనిస్తారా, కంప్రెసర్ ఇస్తారా, స్టెప్నీ, జాకీ ఎక్కడున్నాయి, ముందూ వెనకా లాగే కొక్కేలు ఎక్కడ, ఇరుక్కుంటే ఏ నంబరుకి చేయాలి. రిమ్ములనీ బండి అడుగునీ ఫోన్‌తో వీడియో తీయండి. రాంగ్లర్లలోనే రూబికాన్ మోడల్లో ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలనీ నిదానంగా, ఎక్కువ బలంతో తిప్పే గేరు) నిష్పత్తి 4:1, మామూలు రాంగ్లర్లలో 2.72:1, రూబికాన్‌కి ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకర్లు (రెండు పక్కల చక్రాలనీ కలిపి తిప్పేవి) కూడా ఉంటాయి. కింద చెప్పిన దారులకు అవేవీ అవసరం పడవు. అదనపు డబ్బు పెట్టకపోయినా నష్టం లేదు.

దారి

చేయి అలవాటు కావడానికి 128 హైవే మీద 20 మైళ్ల దూరంలో ఉన్న ఆనియన్ క్రీక్ మంచిది. దారి వాగుని 20 సార్లకు పైగా దాటుతుంది, నీళ్లు మామూలుగా చీలమండ లోతే. వర్షం పడే సూచన ఉంటే మాత్రం అటు చూడకండి.

అసలు రోజుకి పొటాష్ రోడ్, షేఫర్ ట్రెయిల్ కలిపి చుట్టి రండి, సగం రోజు పడుతుంది. ఎక్కువమంది పైనుంచి షేఫర్ దిగి పొటాష్ మీదుగా ఊరికి వస్తారు. కొత్తవాళ్లకి మేం చెప్పేది దీనికి తిరగేసి. 279 హైవే తారు అయిపోయిన చోట మొదలుపెట్టి, నీలంగా మెరిసే పొటాష్ (ఎరువుల్లో వాడే ఉప్పు) మడుగులు దాటి, చివర్లో షేఫర్ మలుపులు ఎక్కండి. కారణాలున్నాయి: రాతి మెట్ల మీద గతుకులన్నీ ఓపిక ఉన్నప్పుడే తీరిపోతాయి, ఎక్కేటప్పుడు బ్రేకులు కాగవు, ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది అక్కడి పద్ధతి. షేఫర్ మీద ఎక్కే ఎత్తు సుమారు 1,500 అడుగులు. 1950లలో యురేనియం లారీలు తిరిగిన దారి ఇది, అంచున గోడ ఉండదు. ఎత్తులంటే గుండె గుభేలుమనే వాళ్లని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టకండి.

షేఫర్ కాన్యన్‌ల్యాండ్స్‌లోది, ఆ పార్కు పాస్ ముందే కొనుక్కోండి. షేఫర్ అడుగున కూడలి నుంచి వైట్ రిమ్ రోడ్డు వైపు తిరగాలంటే వేరే పర్మిట్ కావాలి, ‘కొంచెం దూరమే కదా’ అంటే కుదరదు. పార్కులో డ్రోన్ నిషిద్ధం, అక్కడి మట్టిదారుల్లో కుక్కని తీసుకెళ్లడం కూడా. హెల్స్ రివెంజ్ అనే నిటారు రాతి దారి జోలికి తొలిసారి వెళ్లొద్దు, యూట్యూబ్‌లో ఎంత తేలిగ్గా కనిపించినా.

ఏమేం సర్దుకోవాలి

మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు, ఒక పూటే అయినా. ట్యాంకు నిండా పెట్రోలు మోయాబ్‌లోనే కొట్టించండి, పార్కులో బంకు లేదు. ఫోర్ లోలో బండి మామూలుకన్నా బాగా తాగుతుంది. ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకోండి, కాగితం మ్యాపు కూడా ఒకటి ఉంచుకోండి. టైర్ గేజీ, పార, లాగే పట్టీ, టార్చి, జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క ముక్క. మలవిసర్జన కోసం సంచీలు కొనుక్కోండి, అక్కడ పూడ్చిపెట్టి రావడం కుదరదు. పులిహోర ఎండకి తట్టుకుంటుంది, పెరుగన్నం మాత్రం ఐస్ పెట్టెలోనే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే ముందు సీటు వాళ్లలో ఒకరికివ్వండి. రాంగ్లర్ వెనక సీటు ఎగరేసినంతగా ముందు సీటు ఎగరెయ్యదు. నడుము నొప్పి ఉన్నవాళ్లకి మాత్రం ఆనియన్ క్రీక్‌తో ఆపేయడమే మేలు.

గాలి, గేర్లు

తారు మీద 35 పీఎస్ఐ ఉండే టైరుని మట్టిదారి మొదట్లో 20–22కి దించండి. టైరు వెడల్పుగా పరుచుకుని రాయిని పట్టుకుంటుంది, గతుకు నడుముకి తగలదు. మెత్తటి ఇసుక వస్తే 18 దాకా పోవచ్చు, అంతకన్నా తగ్గిస్తే పదునైన మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం పెరుగుతుంది. దుకాణం వాళ్లు గాలి తీయొద్దంటే తీయకండి, అంతకంత నిదానంగా పోండి.

తారు వదలగానే ‘ఫోర్ హై’, అంటే నాలుగు చక్రాలూ మామూలు వేగంలో తిరిగే గేరు. బండి నడుస్తుండగానే వేయొచ్చు. ఫోర్ లోకి మాత్రం గంటకి రెండు మూడు మైళ్ల వేగానికి తగ్గి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చిన్న లివర్ని ఒక్క ఊపున లాగాలి. పూర్తిగా ఆగి ప్రయత్నిస్తే పళ్లు కలవక మొరాయిస్తుంది. అప్పుడు బలం ఉపయోగించకండి, బండిని ఒక అడుగు కదలనివ్వండి.

రాతి మెట్టు ఎక్కడం

ముందు ఆగి, దిగి, నడిచి చూడండి. కొత్తవాళ్లు ఎగ్గొట్టేది ఇదే. బండి కింద అన్నిటికన్నా కిందికి వేలాడేవి యాక్సిళ్ల మీది గుండ్రటి డిఫరెన్షియల్ బుడిపెలు. రాంగ్లర్‌లో ముందుది డ్రైవరు వైపుకి జరిగి ఉంటుంది, వెనకది దాదాపు మధ్యలో. కాబట్టి పెద్ద రాయిని చక్రాల మధ్యకి తీసుకోకూడదు, టైరుని దాని మీదికే ఎక్కించాలి. టైరు ఎక్కితే బుడిపె కూడా దాంతో పాటే పైకి లేస్తుంది.

ఫోర్ లో, మొదటి గేరు. కుడికాలు యాక్సిలరేటర్ మీద, ఎడమకాలు బ్రేకు మీద ఆనీ ఆనకుండా. ఆటోమేటిక్ బండికి ఇదే కిటుకు. టైరు మెట్టుకి ఆనేదాకా రండి, ఆనాక యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా నొక్కండి. టైరు పైకి పాకి మెట్టు దాటిన క్షణంలో బండి ముందుకి ఉరకబోతుంది. ఎడమకాలు దాన్ని పట్టి ఉంచుతుంది. గాల్లో లేచిన చక్రం ఊరికే తిరగబోతే ఆ బ్రేకే దాన్ని కొంత అదుపు చేసి పట్టున్న చక్రానికి బలం పంపుతుంది. బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి చుట్టకండి, చక్రం రాయికి కొట్టుకుంటే స్టీరింగ్ విదిలిస్తుంది.

ఒకరు బయట నిలబడి చేత్తో దారి చూపిస్తే మంచిది. ఒక్కరే చూపించాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి అరిస్తే డ్రైవరు ఎవరి మాటా వినడు. చూపించేవాళ్లు బండి జారే వైపు, అంటే కింది పక్కన నిలబడకూడదు.

వాలు సగంలో బండి ఆగిపోతే పక్కకి తిప్పే ప్రయత్నం చేయకండి, బోల్తా పడేది అలాగే. రివర్స్ వేసి వచ్చిన గాడిలోనే నిటారుగా వెనక్కి దిగండి. దిగువకి వెళ్లేటప్పుడు కూడా ఫోర్ లో, మొదటి లేదా రెండో గేరు. ఇంజనే పట్టి ఉంచుతుంది. బ్రేకుని ఊరికే తొక్కిపెట్టి ఉంటే కాలిన వాసన వస్తుంది. వస్తే ఆగి చల్లారనివ్వండి.

ఇరుక్కుంటే, వాన వస్తే

ఇసుకలో చక్రం తిరుగుతోందంటే కాలు తీసేయండి. ఒక్కో చుట్టు బండిని ఇంకో అంగుళం దింపుతుంది. టైర్ల వెనక ఇసుక తవ్వి, గాలి ఇంకాస్త తగ్గించి, వచ్చిన దారినే వెనక్కి రండి. ఎవరైనా లాగుతామంటే పట్టీని కొక్కేనికే తగిలించండి, వెనకుండే ట్రెయిలర్ తగిలించే ఇనుప బంతికి ఎప్పుడూ వద్దు. అది విరిగి ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది. టోయింగ్ బండి రావాలంటే వెయ్యి డాలర్లు దాటడం మామూలే.

జూలై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులు. వాన మీ నెత్తిన పడనక్కర్లేదు, ఎగువన ఎక్కడో పడినా ఎండిన వాగు నిమిషాల్లో పొంగుతుంది. వాగులో బండి ఆపి భోజనానికి కూర్చోకండి. బూడిదరంగు, ఊదారంగు బంకమట్టి తడిస్తే టైరుకి అంటుకుని స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తనకిష్టమైన వైపు జారుతుంది. ఆరేదాకా కదలకపోవడమే దారి. ఏప్రిల్, మే, సెప్టెంబరు చివర, అక్టోబరు మంచి నెలలు. ఈస్టర్ వారం మాత్రం జీపుల జాతర, గదులు దొరకవు.

ఎదురుబండికి దారివ్వడానికి కూడా పక్కనున్న నల్లటి గరుకు మట్టి మీదికి ఎక్కించకండి. అది బతికున్న పొర, ఒక్క టైరు గుర్తు మానడానికి దశాబ్దాలు పడుతుంది. వెడల్పున్న చోటికి వెనక్కి వెళ్లి ఆగండి.

షేఫర్ పైకి ఎక్కి తారు తగలగానే ‘టూ హై’కి, అంటే వెనక చక్రాలే తిరిగే మామూలు గేరుకి మార్చండి. పొడి తారు మీద ఫోర్ హైలో మలుపు తిరిగితే ముందు వెనక చక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడి గేర్ బాక్సు మూలుగుతుంది. గాలి మళ్లీ 35కి నింపేదాకా 313 హైవే మీద వేగం వద్దు. మెత్తటి టైరు వేగంలో లోపల్నుంచి కాగి పేలుతుంది.