కడుపుతో ఉన్నప్పుడు ఇంటి క్లీనింగ్: ఏ ఇబ్బందికి ఏం చేయాలి

కడుపుతో ఉన్నామని తెలిసిన మర్నాటి నుంచి బాత్రూమ్ అలమారాలో ఉన్న సీసాలన్నీ విషంలా కనిపిస్తాయి. అంత టెన్షన్ అక్కర్లేదు. మామూలు క్లీనర్లని లేబుల్ మీద రాసినట్టు, గాలి ఆడేచోట వాడితే చాలావరకు ఏమీ కాదు. తలుపులు మూసిన గదిలో వాడినా, కొలత చూడకుండా గుమ్మరించినా, రెండు రకాలు కలిపినా అసలు గొడవ అక్కడ మొదలవుతుంది. మీకు ఏది జరుగుతోందో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్లండి.

సమస్య: మూత తీయగానే కడుపులో తిప్పుతోంది

మొదటి మూడు నెలల్లో చాలామందికి వాసనలు మామూలు కంటే గట్టిగా తగులుతాయి. నిన్నటిదాకా పట్టించుకోని ఫినాయిల్ వాసనకే ఇవాళ వాంతి వస్తుంది. వికారం వచ్చిందంటే బిడ్డకి ఏదో అయిపోయిందని కాదు, అలాగని వాసన లేని సీసా మంచిదని కూడా కాదు.

సువాసన కలపని డిష్‌వాష్ లిక్విడ్ కాస్త నీళ్లలో వేసి వాడండి. నేల, వంటగట్టు, సింక్ రోజువారీగా శుభ్రమవడానికి సబ్బు నీళ్లు చాలు. క్రిములు చంపే మందు రోజూ ఇల్లంతా పోయనక్కర్లేదు, టాయిలెట్‌కి, పచ్చి మాంసం తగిలిన చోటుకి, ఇంట్లో ఎవరికైనా వాంతులూ విరేచనాలూ అయినప్పుడు వాడితే సరిపోతుంది. వాసన పోవాలని పైనుంచి రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టడం మాత్రం దండగ, దాంతో ఇంకో వాసన తోడవుతుంది, అంతే.

సమస్య: కడుగుతుంటే తలనొప్పి, గొంతులో గరగర

ఎక్కువసార్లు కారణం స్ప్రే. నొక్కగానే సన్నటి తుంపరలు గాల్లో తేలతాయి, మీరు ముందుకు వంగి రుద్దుతూ అవన్నీ పీల్చేస్తారు. స్ప్రే గోడ మీద కొట్టకుండా గుడ్డ మీద పోసి తుడవండి. కిటికీ, తలుపు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాకే మూత తీయండి. నాననివ్వాల్సిన మందైతే పోసి బయటికి వచ్చేయండి, అక్కడే నిలబడి కాపలా కాయక్కర్లేదు. మామూలు సర్జికల్ మాస్క్ ఆవిర్లని ఆపదు, దాన్ని నమ్ముకుని మూసిన గదిలో పని చేయకండి. ఓవెన్ క్లీనర్లు, డ్రైన్ క్లీనర్లు, టైల్స్ మరకలకి వాడే యాసిడ్ లాంటి గట్టి సరుకు జోలికి ఈ తొమ్మిది నెలలూ మీరు వెళ్లకుండా ఇంట్లో ఇంకొకరికి అప్పగించడమే నయం.

సమస్య: ఉన్నట్టుండి ఘాటు వాసన, కళ్లు మంట, దగ్గు

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బ్లీచ్‌తో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అమ్మోనియా కలిస్తే క్లోరమిన్ వాయువులు వస్తాయి, రెండూ ఊపిరితిత్తులని దెబ్బతీస్తాయి. కావాలని ఎవరూ కలపరు. కమోడ్ అంచు చుట్టూ టాయిలెట్ క్లీనర్ పోసి, అది నానేలోపు పక్కన నేల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు, తర్వాత ఒక బకెట్ నీళ్లు కుమ్మరిస్తే రెండూ వెళ్లి జాలీ దగ్గర కలుస్తాయి. చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. వెనిగర్ కూడా యాసిడే, ‘నేచురల్’ అని రాసి ఉన్నంత మాత్రాన బ్లీచ్‌కి ఆ తేడా తెలియదు. నిల్వ ఉన్న మూత్రంలో అమ్మోనియా ఉంటుంది కాబట్టి, బ్లీచ్ పోసే ముందు ఫ్లష్ చేయాలి.

అలాంటి వాసన వస్తే ఉన్నపళంగా బయటికి వచ్చేయండి. కడిగేద్దాం, నీళ్లు పోద్దాం అని మళ్లీ లోపలికి వెళ్లొద్దు, వాసన పూర్తిగా పోయేదాకా గది దరిదాపుల్లో ఎవరూ ఉండకూడదు. బయటి గాలిలో కాసేపు ఉన్నా దగ్గు, ఆయాసం, ఛాతీ పట్టేయడం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. వాయువు బాగా పీలిస్తే కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలవడం కూడా ఉంటుంది, కాబట్టి ‘ఇప్పుడు బాగానే ఉంది’ అని ఒంటరిగా ఉండిపోకండి. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇకముందు ఒక పూట ఒకటే మందు అని పెట్టుకోండి. బ్లీచ్ కలిపేటప్పుడు ముందు సీసా మీది కొలత చూడండి. అక్కడ లేకపోతే, 5 నుంచి 9 శాతం ఉన్న ద్రవ బ్లీచ్‌కి లీటరు చల్లటి నీళ్లలో 4 టీస్పూన్లు, అంటే సుమారు 20 మిల్లీలీటర్లు చాలు. కలిపింది ఆ రోజుకే, మర్నాటికి పనితనం తగ్గుతుంది.

సమస్య: చేతులు ఎర్రబడి దురద

సబ్బు, బ్లీచ్ చర్మం మీది నూనె పొరని తీసేస్తాయి. రబ్బరు గ్లౌజులు వేసుకోండి, లోపల తడి చేరితే మార్చండి, పనయ్యాక చేతులు కడిగి మాయిశ్చరైజర్ రాయండి. అరచేతులు, అరికాళ్లు దద్దుర్లు లేకుండానే దురద పెడుతుంటే, ముఖ్యంగా రాత్రుళ్లు, దాన్ని క్లీనర్ మీదకి నెట్టేయకండి. గర్భిణుల్లో వచ్చే కాలేయ సమస్యకి అది గుర్తు కావచ్చు, డాక్టర్‌కి చెప్పాలి.

సమస్య: కంట్లో చిందింది, లేదా పొరపాటున మింగారు

కన్నైతే వెంటనే ధారగా నీళ్లతో 15 నుంచి 20 నిమిషాలు కడగాలి, కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేయాలి. మింగితే వాంతి చేయించకండి, లోపలికి వెళ్లేటప్పుడు కాల్చింది బయటికి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. రెండింటికీ తర్వాత వైద్యం తప్పదు.

సమస్య: పిల్లి మలం తీయాల్సి వస్తోంది

ఇక్కడ భయం మందు గురించి కాదు, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. వేరేవాళ్లకి అప్పగించండి. కుదరకపోతే గ్లౌజులు వేసుకుని రోజూ తీసేయండి, ఎందుకంటే మలంలోని ఆ క్రిమి అంటుకునే స్థితికి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది.

సమస్య: బీరువా తెరిస్తే కలరా ఉండల ఘాటు

అందులోని నాఫ్తలీన్ ఆవిరి G6PD అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలని చిట్లిస్తుంది, ఆ లోపం బిడ్డకి ఉందో లేదో ముందే తెలియదు. ఇంకొకరితో తీయించేయండి. పుట్టబోయే బిడ్డ బట్టలు వాటి మధ్య దాచి ఉంటే ఉతికి, బాగా గాలికి ఆరేయకుండా తొడగొద్దు.

ఏ ఇబ్బందికైనా డాక్టర్‌కి ఫోన్ చేసేటప్పుడు సీసా చేతిలో ఉంచుకోండి. లేబుల్ మీది పేరు, ఎంతసేపు పీల్చారు, గది మూసి ఉందా, మీకు ఎన్నో వారం, ఇవి చెబితే వాళ్లు త్వరగా తేల్చగలుగుతారు.