బీరువాలో ఒక నోటుబుక్కు పెట్టండి

నాన్నగారు పోయాక ఎఫ్‌డీ కాగితాల కోసం బీరువా అంతా వెతికాం, తీరా దొరికాక చూస్తే నామినీ గడి ఖాళీ, లీగల్ హైర్ సర్టిఫికెట్ అంటూ అమ్మని నెలల తరబడి తిప్పారు.

ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టాను. ఒక్కో ఖాతాకి, ఎల్‌ఐసీ పాలసీకి, పీఎఫ్‌కి ఒక్కో పేజీ: నంబరు, బ్రాంచి, నామినీ ఎవరు, అసలు కాగితం ఏ అరలో ఉంది. పిన్నులు మాత్రం రాయొద్దు. నామినీ లేకపోతే బ్యాంకులో ఫారం ఇచ్చి రసీదు అడిగి మరీ తీసుకోండి, 2025 నవంబరు నుంచి ఒక ఖాతాకి నలుగురి దాకా పెట్టుకోవచ్చు. పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా చెప్పండి.

ఒక్క జాగ్రత్త, బ్యాంకు డబ్బుకి నామినీ అంటే తీసుకునే మనిషే, హక్కుదారు కాదు. వారసుల మధ్య పేచీ వచ్చేలా ఉంటే వీలునామా రాయాలి, తెల్లకాగితం మీదైనా సరే, ఇద్దరు సాక్షుల సంతకాలతో.