ఏడాది సేవకు ఉట్నూరు పోతున్నరా? జర ఇది చదివి పోండి

మాది హన్మకొండ. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు పోయి ఒక ఏడాది ఉండి వచ్చిన, గుట్టల మీద ఒక గోండు గూడెంల పొద్దుమీకి పిల్లలకు చదువు చెప్పుడు నా పని. ఇప్పుడు ఎవరు పోతమన్నా నాకే ఫోన్ చేస్తున్నరు, చెప్పిందే చెప్పి నోరు నొస్తుంది అందుకే ఒక్కసారి రాసి పెడుతున్న.

మొదలు ఒక లెక్క అర్థం చేస్కోండి. ఏడాది అంటరు గని మీ చేతికి అంత రాదు. జూన్‌ల విత్తనాలు పెడతరు, జూలై ఆగస్టుల వాగులు పొంగి కొన్ని గూడేలకు పోను తొవ్వనే ఉండదు, దీపావళికి గోండుల దండారి పండుగ, అది అయ్యేసరికి పత్తి ఏరుడు మొదలైతది పెద్ద పిల్లలు చేన్లకు పోతరు, పుష్యమాసంల నాగోబా జాతర, తర్వాత ఎండలు. నేను ఇక్కడ్నుంచే నెలనెలకు ఇంత సిలబస్ అని మంచిగ టేబుల్ గీస్కొని పోయిన, రెండో నెలల్నే అది పొయ్యిల పడ్డది. అందుకే ముందుగాల ఊరోళ్ల క్యాలెండర్ అడిగి రాస్కోండి, మీ పని దాంట్ల సందుసందున పెట్టుకోండి. నన్నడిగితే మే ఆఖరుకే పోయి ఉండుడు మంచిది, వానలు పడకముందే ఇల్లు, గ్యాసు, సామాను అన్ని సెట్ అయితయి.

పోవుడు పెద్ద కష్టమేం లేదు. కాజీపేటల ట్రైన్ ఎక్కి మంచిర్యాల దిగాలె, అక్కడ్నుంచి లక్సెట్టిపేట, జన్నారం మీదికెళ్లి బస్సు. జన్నారం దాటితే కవ్వాల్ అడవి, 2012ల టైగర్ రిజర్వ్ చేసిండ్రు, ఆ తొవ్వల చీకటి పడకముందే పోయేటట్టు చూస్కోండి. ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఫ్రీనే కదా, ఆధార్ కార్డు మర్చిపోకండి.

ఇల్లు మొదటి నెల ఉట్నూరులనే కిరాయికి తీస్కోండి, గూడెంల ఉంట అని దిగంగనే పోయి పడితే వాళ్లకు ఇబ్బంది మీకు ఇబ్బంది. ఇంకో ముచ్చట, జాగ చవుకగ ఉన్నది కొనమని ఎవడో ఒకడు తగుల్తడు. అది ఏజెన్సీ ఏరియా, 1/70 చట్టం కింద గిరిజనేతరులు భూమి కొననీకె లేదు, నవ్వి ఊకోండి. మీకు నెలనెలా ఇస్తమన్న పైసలు కూడా టైంకు వస్తయని అనుకోకండి, నాకు మొదటి మూడు నెలలు రాలే, ఇంట్ల అమ్మను అడిగి తెచ్చుకున్న.

సామాన్ల మందం రగ్గు ఉండాలె. వరంగల్ చలి చూసి ఇదే చలి అనుకున్న నేను ఒక దుప్పటి పట్కపోయిన, డిసెంబర్ల అక్కడ రాత్రిపూట 10 డిగ్రీల కిందికి పోతది, స్వెట్టర్ మీద స్వెట్టర్ ఏస్కొని కూసున్న. దోమతెర, టార్చ్, రెయిన్‌కోట్, పవర్ బ్యాంక్. నీళ్లు కాగబెట్టుకొని తాగండి. జ్వరం వస్తే గోలీ ఏస్కొని పండుకోకండి, పీహెచ్‌సీకి పోయి మలేరియాకు రక్తం చూపించుకోండి. నేను నడిచి నడిచి ఒళ్లు నొప్పులులే అని రెండ్రోజులు ఊకుంటే ఆశా వర్కర్ అక్క ఇంటికొచ్చి మస్తు తిట్టింది.

ఇగ అసలు కథ భాష. ఒకటో తరగతి పిల్లగానికి ఇంట్ల గోండి తప్ప వేరే మాట రాదు, మనం పోయి తెలుగుల అ అంటే అమ్మ అని మొదలు పెడతం, వాడు మన మొఖం చూస్తడు. నేను పదిహేను రోజులు అట్లనే చేసిన. ఒకరోజు ఒక పాప "ఏర్, ఏర్" అంటుంటే ఏడుస్తుందేమో అనుకున్న, నీళ్లు అడుగుతుందట. ఆ రోజు నుంచి పిల్లలతోని గోండి మాటలు చెప్పించుకొని తెలుగు అక్షరాలల్ల బోర్డు మీద రాసుడు మొదలు పెట్టిన, అప్పుడు క్లాసు నడిచింది. ఇదేదో నా ఐడియానే అని గర్వపడ్డ, తర్వాత తెలిసింది, జోడేఘాట్‌ల కుమ్రం భీం చనిపోయినంక నిజాం సర్కారు గిరిజనుల బతుకు మీద పరిశోధన చేసే హైమన్‌డార్ఫ్‌ను పంపితే ఆయన మార్లవాయిల ఉండి 1943లనే గోండు టీచర్లకు ట్రైనింగ్ సెంటర్ పెట్టించి గోండిల వాచకాలు చేయించిండంట. మార్లవాయి పక్కన జైనూరు మండలంలనే, వీలైతే పోయి రండి.

గూడెంల అడుగు పెడితే మొదలు పటేల్ (ఊరి పెద్ద) ఇంటికి పోవాలె, "రాం రాం" అనాలె, ఎందుకొచ్చినమో చెప్పాలె. ఆయన సరే అంటేనే ఊరు సరే అంటది. జొన్న రొట్టె, గట్క పెడితే కూసొని తినండి. దండారిల నెమలీకల టోపీ పెట్టుకొని ఆడే గుస్సాడీలను చూడంగనే ఫోన్లు తీయకండి, అది డ్యాన్స్ షో కాదు దీక్ష, అన్ని రోజులు స్నానం కూడా చెయ్యరు, ఆ టోపీకి పూజ ఉంటది. అడిగితే వాళ్లే తీస్కో అంటరు. గోండులు, లంబాడోళ్ల మధ్యల రిజర్వేషన్ లొల్లి నడుస్తుంటది, మిమ్మల్ని అందరు అడుగుతరు నువ్వేమంటవు అని, చాయ్ తాగుకుంట వినండి అంతే.

పని ఎవరికన్న అప్పజెప్పకుండ రాకండి. మా దాంట్ల ముందుగాల వచ్చినాయన చెప్పకుండ పోయిండు, పిల్లలు నన్ను మొదటిరోజే అడిగిండ్రు నువ్వెప్పుడు పోతవు సార్ అని. నేను గూడెంల ఇంటర్ చదివిన చెల్లెను జనవరి నుంచే పక్కన కూసోబెట్టుకున్న, హాజరు పుస్తకం, మేం రాసుకున్న గోండి మాటల నోట్‌బుక్ ఆమెకే ఇచ్చి వచ్చిన. మీరు కూడా ఏప్రిల్ దాటనియ్యకండి, మే వచ్చిందంటే అందరు తునికాకు (బీడీల ఆకు) తెంపనీకె పోతరు, పొద్దుగాల పోతే గూడెంల కుక్కలు తప్ప ఎవ్వరు దొరకరు.