బొటిక్ హోటల్ ఎంచుకోవడం, మూడో పాఠం: గది నంబరు

రెండో పాఠంలో బెంగళూరులో ఏ ఏరియా ఎవరికి కుదురుతుందో చూసుకుని మూడేసి హోటళ్లు రాసి పంపమన్నాం. వచ్చిన జాబితాలు చాలావరకు ఇందిరానగర్ ట్వెల్త్ మెయిన్, హండ్రెడ్ ఫీట్ రోడ్డు దాటి పోలేదు. మెట్రో దగ్గర, తినడానికి బోలెడు చోట్లు, ఆదివారం పొద్దున చెట్ల కింద నడక. అన్నీ నిజమే. కొందరైతే ఆగలేక బుక్ చేసుకుని వెళ్లి వచ్చేశారు కూడా. వాళ్లందరి ఫిర్యాదూ ఒకటే: ఏరియా పాఠంలో ఉన్నట్టే తీసుకున్నాం, రాత్రి ఒంటిగంట దాటేదాకా కన్ను మూతపడలేదు.

ఏరియాలో తప్పేం లేదు. వాళ్లు హోటల్‌ని ఎంచుకుని, గదిని రిసెప్షన్ వాడికి వదిలేశారు. నూటయాభై గదుల పెద్ద హోటల్లో అలా వదిలేసినా నడుస్తుంది. అక్కడ డీలక్స్ అంటే ఏ అంతస్తులోనైనా అదే కొలత, అదే కిటికీ, అదే మంచం. పది పన్నెండు గదుల బొటిక్ హోటల్ చాలాసార్లు ఒకప్పుడు ఎవరో కాపురమున్న ఇల్లే. హాలుకి మధ్యలో గోడ పెట్టి రెండు గదులు చేస్తారు, వరండా మూసి బాత్రూమ్ కడతారు, కారు షెడ్డు రిసెప్షన్ అవుతుంది. అందుకే ఒకే పేరుతో, ఒకే రేటుకు అమ్మే రెండు గదుల్లో ఒకటి పెరట్లోకి తెరుచుకుంటుంది, రెండోది రోడ్డు మీదకి. ప్రీమియం, హెరిటేజ్, సిగ్నేచర్ అనే పేర్లు ఆ తేడా చెప్పవు. నంబరు చెబుతుంది.

ఇక చప్పుడు ఎక్కణ్ణించి వస్తుందో చూద్దాం. బెంగళూరులో బార్లకు రాత్రి ఒంటిగంట దాకా అనుమతి ఉంది. బయటి లౌడ్‌స్పీకర్లు పదింటికి ఆపాలన్నది చట్టం. లోపల మోగే పాటలో గొంతు గోడ దాటి రాకపోయినా, బేస్ దరువు వస్తుంది. పాత ఇళ్ల చెక్క కిటికీలకు ఒంటి అద్దమే ఉంటుంది, రెక్కల మధ్య సందు కూడా ఉంటుంది. దరువు ఆగాక ఇంకో అరగంట క్యాబ్‌ల హారన్లు, బండి తెమ్మని కేకలు. పబ్ ఎదురుగా ఉందా అన్నది మ్యాప్‌లో తెలిసిపోతుంది. పక్క మేడ మూడో అంతస్తు టెర్రస్ మీద ఉన్నదే మోసం చేస్తుంది, మ్యాప్‌లో దానికి ఎత్తు కనిపించదు. శనివారం రాత్రి బస చేసినవాళ్ల రివ్యూలు చదివితేనే బయటపడుతుంది.

ఇందిరానగర్ సీఎంహెచ్ రోడ్డు మీద పైన మెట్రో పర్పుల్ లైన్ వెళ్తుంది. వయాడక్టు, అంటే మెట్రో వంతెన, ఎత్తుకు సమంగా ఉండే రెండు, మూడు అంతస్తుల ముందు గదులకు రైలు కిటికీ పక్కనే పోతున్నట్టుంటుంది. రాత్రి పదకొండు దాకా ఇదే వరస. రోడ్డుకు రెండు క్రాసులు, అంటే అడ్డవీధులు, లోపలికి వెళ్తే వినపడదు.

అన్నిటికన్నా చెడ్డది హోటల్ సొంత టెర్రస్. రూఫ్‌టాప్ రెస్టారెంట్ ఉందని ఫొటోలు చూసి మురిసిపోతారు. దాని కింది గదిలో పడుకున్నవాళ్లకు తెలుస్తుంది ఇనుప కుర్చీ గచ్చు మీద ఈడిస్తే ఎలా ఉంటుందో. మూసేశాక బల్లలన్నీ ఓ మూలకు జరుపుతారు, ఆ జాతర వేరే. పైగా ఏప్రిల్‌లో పై అంతస్తు స్లాబు సాయంత్రం దాకా ఎండ తాగి రాత్రి గదిలోకి వదులుతుంది. ‘బెంగళూరే కదా, ఏసీ ఎందుకు’ అని ఫ్యాన్‌తో సరిపెట్టే హోటళ్లు ఇంకా ఉన్నాయి.

రిచ్మండ్ టౌన్ వైపు మంకీ టాప్ బంగళాలు, అంటే ముఖద్వారం మీద చెక్క జాలీతో కోసుగా దిగే పాతకాలపు చూరు ఉన్నవి, దొరికితే వదలొద్దు. కానీ మేడ మీది నేల చెక్కదైతే పైగది తీసుకోండి, కిందిది వద్దు. పైవాళ్లు అర్ధరాత్రి బాత్రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ కిందివాళ్ల తల మీద పలకలు కిర్రుమంటాయి. వెనక గది అనగానే ఎగిరి గంతేయకండి, చాలాచోట్ల జనరేటర్ వెనకే ఉంటుంది. మామూలు కాంక్రీటు మేడలో నా లెక్క: మధ్య అంతస్తు, వెనక వైపు, లిఫ్టుకూ వంటింటికీ జనరేటర్‌కూ ఆనుకోనిది.

‘గది ప్రశాంతంగా ఉంటుందా అండీ?’ అని అడక్కండి. ఉండదని ఎవరూ అనరు. మీ రూఫ్‌టాప్ శనివారం ఎన్నింటికి మూస్తారు, 201 గది కిటికీ తెరిస్తే ఎదురుగా ఏముంది, జనరేటర్ ఎటువైపు, గీజర్ ఎన్ని లీటర్లు, కొళాయిలో వచ్చేది కావేరీ నీళ్లా బోరు నీళ్లా... ఇలా అబద్ధమాడటానికి ఆలోచించాల్సిన ప్రశ్నలు వేయండి. మూడు లీటర్ల గీజర్ బకెట్ స్నానానికి చాలదు; ఇద్దరికి పదిహేను లీటర్లైనా కావాలి. బోరు నీళ్లు గట్టివైతే సబ్బు నురగ సరిగా రాదు. రిసెప్షన్లో చాలాచోట్ల తెలుగు నడుస్తుంది, మొహమాటపడకండి.

ఆధార్, చెకిన్ వేళలు మీకు తెలిసినవే. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఉంటూ ఊళ్లోనే ఓ రాత్రి గడపాలనుకునేవాళ్లు మాత్రం, స్థానిక అడ్రసున్న ఆధార్ తీసుకుంటారా అని ముందే అడగాలి. కొన్ని హోటళ్లు తీసుకోవు.

ఇప్పుడు పన్ను మారే 7,500 రూపాయల గీత సంగతి. జాబితాల్లో దాదాపు అందరూ పడ్డ గొయ్యి ఇదే, అందుకే విసుగొచ్చినా విడమరిచి చెబుతున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి గది ధర రోజుకు 7,500 రూపాయలు, అంతకు లోపు అయితే జీఎస్టీ 5 శాతం. ఒక్క రూపాయి దాటినా 18 శాతం, అదీ దాటిన రూపాయి మీద కాదు, మొత్తం మీద. 7,400 గదికి మొత్తం అయ్యేది 7,770. 7,600 గదికి 8,968. ధరలో తేడా రెండు వందలు, బిల్లులో 1,198. 7,600 చెబితే వంద తగ్గించమనండి. 7,500కి 7,875 అవుతుంది. హోటల్‌కి పోయేది వంద, మీకు మిగిలేది 1,093. ఫోన్లో ఈ లెక్క చెబితే తగ్గించే మేనేజర్లు ఉన్నారు. బుకింగ్ యాప్‌కి చెప్పడానికి నోరుండదు, అందుకే నేరుగా హోటల్‌కి ఫోన్ చేయమనేది.

రెండో మలుపు: గదితో కలిపి అమ్మేది ఏదైనా గది ధరలోకే వస్తుంది. 7,000 గదికి పిల్లాడి కోసం వెయ్యి రూపాయల అదనపు మంచం వేయిస్తే ధర 8,000, బిల్లు 9,440. మంచం లేకపోతే 7,350. ఆ వెయ్యి రూపాయల మంచానికి మీరు పెట్టింది 2,090. టిఫిన్ కూడా అంతే. 6,900 గది, టిఫిన్‌తో కలిపి 7,700 అంటే 9,086. టిఫిన్ వద్దంటే 7,245. మల్లేశ్వరంలోనో బసవనగుడిలోనో దిగి హోటల్ టిఫిన్ కొనడం నాకసలు మింగుడుపడదు. గాంధీ బజార్లో 1943 నాటి విద్యార్థి భవన్ ఉంది, శుక్రవారం సెలవు. శని, ఆదివారాల్లో ఏడింటికే వెళ్తే క్యూ భరించగలం.

ధర ఏ రోజుకారోజు లెక్క. శుక్రవారం 6,800, శనివారం 8,200 అయితే మొదటి రాత్రికి 5, రెండో రాత్రికి 18. రెంటినీ సగటు చేసి 7,500 అనుకోవద్దు. భోజనం సంగతి: హోటల్లో ఏ ఒక్క గదినైనా కిందటి ఆర్థిక సంవత్సరంలో 7,500 పైన అమ్మి ఉంటే, లోపలి రెస్టారెంట్ బిల్లు మీద కూడా 18 పడుతుంది. మీ గది నాలుగు వేలదైనా సరే. సర్వీస్ చార్జీ మాత్రం మీ ఇష్టం, తీసేయమంటే తీసేయాల్సిందే.

హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో వచ్చేవాళ్లకు ఒక్క మాట. పొద్దున ఆరింటికి హెబ్బాళలో దిగి, మధ్యాహ్నం రెండింటి దాకా గది దొరక్కపోతే శనివారం సగం పోయినట్టే. పన్నెండు గదుల హోటల్లో శుక్రవారం రాత్రి నిండితే ఖాళీ గది ఎక్కణ్ణించి తెస్తారు? స్నానానికి వేరే బాత్రూమ్ ఉందా అని అడిగి పెట్టుకోండి.

అభ్యాసం. మీ జాబితాలోని మూడు హోటళ్లకూ రాబోయే శనివారం రాత్రి పదిన్నరకు ఫోన్ చేయండి. పగలు చేస్తే లెక్కలోకి రాదు. ఫోన్ ఎత్తినవాళ్ల వెనక ఏం వినిపిస్తోందో రాయండి. పై ప్రశ్నలన్నీ అడగండి. ఏ నంబరు గది ఇస్తారో వాట్సాప్‌లో రాసి పంపమనండి. అదే గదిలో కిటికీ తెరిచి, ఆపకుండా తీసిన నిమిషం వీడియో అడగండి. గది నిండి ఉందంటే ఆదివారం చెకవుట్ అయ్యాక తీసి పంపమనండి. రెండు రాత్రుల మొత్తం బిల్లు, పన్నులతో సహా, పైసలతో లెక్క కట్టండి. వీడియో తుడిచేయొద్దు. నాలుగో పాఠంలో అందులోని రెండడుగుల టైల్స్ లెక్కపెట్టి గది కొలత కడదాం.