రెయిన్ చెక్ అంటే వాన సంగతి కాదు

డాలస్ వచ్చిన మూడో వారం. టీమ్‌లో నాతో మంచిగా ఉండే ఒకాయన్ని లంచ్‌కి వెళ్దామా అని పిలిచాను. "కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?" అన్నాడు. కిటికీలోంచి బయటికి చూశాను. ఆగస్టు నెల, ఎండ మండిపోతోంది. "వాన వచ్చేలా లేదే" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, నవ్వు ఆపుకొని, "ఇవాళ కుదరదు, ఇంకోరోజు వెళ్దాం" అని విడమర్చి చెప్పాడు.

1880ల్లో బేస్‌బాల్ ఆట వానకి ఆగిపోతే, టికెట్ కొన్నవాళ్లు నష్టపోకుండా మరో రోజు ఆటకి పనికొచ్చే చీటీ ఇచ్చేవాళ్లు. దాని పేరే రెయిన్ చెక్. ఇప్పటికీ కొన్ని షాపుల్లో తగ్గింపు ధరకి పెట్టిన సరుకు అయిపోతే, తర్వాత వచ్చి అదే ధరకి తీసుకోమని రాసిచ్చే కాగితాన్నీ ఇలాగే పిలుస్తారు. మనుషుల మధ్య వాడినప్పుడు మాత్రం కాస్త జాగ్రత్త. మొదటిసారి అంటే నిజంగానే పని ఉందనుకోండి. అదే మనిషి రెండోసారీ అంటే మూడోసారి పిలవకండి.

ఇక్కడి ఆఫీసు ఇంగ్లీషులో ఇలాంటివి చాలా ఉన్నాయి, వాటిలో బోలెడన్ని బేస్‌బాల్ నుంచి వచ్చినవే. ఈ సంగతి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక రాత్రి నిద్ర మిగిలేది. మేనేజర్ సాయంత్రం వెళ్తూ వెళ్తూ, ఈ పనికి ఎన్నాళ్లు పడుతుందో "జస్ట్ గివ్ మీ ఎ బాల్‌పార్క్" అన్నాడు. అదేదో టెంప్లేట్ పేరనుకున్నాను. రాత్రి ఒంటిగంట దాకా కూర్చొని ఒక్కో స్క్రీన్‌కీ గంటలు లెక్కేసి, పొద్దున్నే 147.5 గంటలని ఎక్సెల్ షీట్ పంపించాను. ఆయనకి కావలసింది "మూడు నాలుగు వారాలు" అన్న ఒక్క ముక్క. బాల్‌పార్క్ అంటే ఆట మైదానం. అంకె కచ్చితంగా లేకపోయినా ఆ మైదానం లోపల పడితే చాలు. మన మాటల్లో చెప్పాలంటే ఉజ్జాయింపు, రమారమి.

అందుకే ఇడియమ్‌ల జాబితాలు బట్టీపట్టొద్దని నా సలహా. ఒక్క సాయంత్రం ఆట చూడండి. ఫ్రిస్కోలో ఉంటే రఫ్‌రైడర్స్ చిన్న లీగ్ ఆటలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా జరుగుతాయి, టికెట్లు పెద్ద ఖరీదేం కాదు. పెద్ద ఆట కావాలంటే ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ ఉన్నారు. 2020లో తెరిచిన వాళ్ల కొత్త స్టేడియానికి పైకప్పు మూసే ఏర్పాటు ఉంది, కాబట్టి అక్కడ అసలు రెయిన్ చెక్కుల అవసరమే రాదు!

క్రికెట్ తెలిసినవాళ్లకి ఆట అరగంటలో అర్థమైపోతుంది, దాంతోపాటే మాటలూ. బంతి కొట్టినవాడు మైదానంలో గుర్తుగా పెట్టిన ఒక్కో బేస్‌నీ తాకుతూ పరిగెత్తాలి, మనం క్రీజులో బ్యాట్ పెట్టినట్టు. "లెట్స్ టచ్ బేస్ టుమారో" అంటే రేపు ఓసారి మాట్లాడుకొని పని ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుందామని. "కర్వ్‌బాల్" అంటే మన గూగ్లీ, ఊహించని ప్రశ్న వేశాడన్నమాట. "నాక్డ్ ఇట్ అవుట్ ఆఫ్ ది పార్క్" అంటే సిక్సర్ కొట్టావని మెచ్చుకోలు. "రైట్ ఆఫ్ ది బ్యాట్" అంటే మొదట్లోనే. ఎక్కడా పొంతన లేకుండా ఊడిపడిన మాటని "అవుట్ ఆఫ్ లెఫ్ట్ ఫీల్డ్" అంటారు. మన క్రికెట్ మాటలు మాత్రం ఇక్కడ చెల్లవు. మా మామయ్య రిటైరయ్యాక సెకండ్ ఇన్నింగ్స్ మొదలుపెట్టాడని ఒకసారి చెబితే ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వాళ్ల ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్, రెండోది అయ్యేసరికి జనం ఇంకా పార్కింగ్ వెతుక్కుంటూ ఉంటారు.

"బెంచ్ మీద ఉన్నాడు" అన్న మాట మాత్రం మనవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. అదీ ఆటల్లోంచి వచ్చిందే, ఆడే అవకాశం రానివాళ్లు కూర్చునే బల్ల. మాట ఎటూ వచ్చింది కాబట్టి చెబుతున్నాను. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి, కంపెనీ దగ్గర పని లేక ఖాళీగా కూర్చోబెట్టినా, జీతం ఇవ్వాల్సిందేనని చట్టం.

తెలియని మాట ఎదురైతే అడిగి తెలుసుకుంటాం. తెలుసనుకున్న మాటతోనే అసలు చిక్కు. మన పేపర్లలో బిల్లు టేబుల్ చేశారంటే సభలో ప్రవేశపెట్టారని. ఇక్కడ మీటింగులో "లెట్స్ టేబుల్ దిస్" అంటే సరిగ్గా తలకిందులు, ఇప్పటికి పక్కన పెడదామని. నా స్నేహితుడొకడు అది విని, వెంటనే లేచి ల్యాప్‌టాప్ ప్రొజెక్టర్‌కి తగిలించాడు పాపం.

ఇంకొకటి నవ్వులాట కాదు. "వుయ్ ఆర్ లెటింగ్ యూ గో" అంటే ఇంటికి వెళ్లమని కాదు, ఉద్యోగం పోయిందని. పొజిషన్ ఎలిమినేట్ అయింది అన్నా అదే. ఇలాంటి మాట ఎంత మెత్తగా చెబితే అంత గట్టిదని గుర్తుపెట్టుకోండి. హెచ్-1బీ వాళ్లకి ఉద్యోగం ముగిశాక ఈ దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే పత్రం) గడువు అంతకంటే ముందే తీరిపోతే అప్పటిదాకానే. అందుకని ఆ మాట చెప్పే కాల్‌లో మొహమాటపడి తలూపొద్దు. నా ఆఖరి రోజు ఏ తేదీ అని అడగండి, అది ఈమెయిల్‌లో పెట్టమనండి.

మనం అనేవి వాళ్లకి అర్థం కాకపోవడం కూడా ఉంది. "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే మీ మాట నమ్మడం లేదని వినపడుతుంది, ప్రశ్న ఉందని చెప్పండి. "పాస్డ్ అవుట్ ఇన్ 2019" అంటే ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు. "అవుట్ ఆఫ్ స్టేషన్" అంటే ఏ స్టేషన్ అని అడుగుతారు. డాక్టర్ దగ్గర "లూజ్ మోషన్స్" అంటే తెల్లమొహం వేస్తారు, డయేరియా అనాలి. రాత్రి పిక్క పట్టేస్తే దాన్ని "చార్లీ హార్స్" అంటారు, నమ్మండి నమ్మకపోండి, అదీ బేస్‌బాల్ ఆటగాళ్ల మాటే. తిమ్మిర్లకి "పిన్స్ అండ్ నీడిల్స్".

టెక్సస్‌లో రోజూ చెవిన పడేవి ఇంకో మూడు. "ఫిక్సిన్ టు" అంటే రిపేరు కాదు, చేయబోతున్నానని. ఏదైనా కావాలా అని అడిగినప్పుడు "ఐయామ్ గుడ్" అంటే క్షేమంగా ఉన్నానని కాదు, వద్దు చాలు అని. ఇంటికొచ్చిన అతిథి అలా అంటే మన అలవాటు కొద్దీ ఇంకో గరిటె వడ్డించకండి. "బ్లెస్ యువర్ హార్ట్" గురించి మాత్రం ఖాయంగా చెప్పలేం. ఒక్కోసారి నిజంగానే జాలి, ఒక్కోసారి "పాపం, బుర్ర తక్కువ" అని. గొంతు విని తేల్చుకోవాలి.

మావాడు కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు టీచర్‌ని కలవడానికి వెళ్లాం. ఆవిడ ముసిముసిగా నవ్వుతూ "హీ ఈజ్ క్వైట్ ఎ హ్యాండ్‌ఫుల్" అంది. చేతినిండా అంటే నిండైన పిల్లాడని కాబోలు అనుకొని ఇద్దరం థాంక్యూ చెప్పాం. మా ఆవిడ ఆ రాత్రే విజయవాడలో ఉన్న వాళ్ల అక్కకి ఫోన్ చేసి మరీ మురిసిపోయింది. తర్వాత వారం ఇంకో ఈమెయిల్ వచ్చింది, ఈసారి ఇడియమ్‌లు లేకుండా. బల్లలెక్కి దూకుతున్నాడట.