మన పెళ్లి, మన లెక్క – 3వ పాఠం: ‘వాళ్ళు’ అంటే ఎంతమంది?

కిందటి పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఇప్పుడు చేతిలో ఎంత ఉంది, పెళ్లిరోజులోపు ఎంత కూడబెట్టగలరు, ఇంట్లోవాళ్ళు ఎంత ఇస్తామన్నారు: మూడూ విడివిడిగా రాసి కూడమన్నాను. ఇస్తామన్న సొమ్ములో ఎప్పుడిస్తారో తేలనిది ఏమైనా ఉంటే దాన్ని ఈ పాఠానికి పక్కన పెట్టేయండి. మాటల్లో ఉన్న డబ్బుతో అడ్వాన్స్ కట్టలేం.

ఈసారి పని అతిథుల జాబితా. చాలామంది హాలు చూశాక జాబితా రాస్తారు. అప్పుడేమవుతుందంటే, హాలు నిండేదాకా పేర్లు గుర్తొస్తూనే ఉంటాయి. అందుకే ముందు జాబితా, తర్వాతే హాలు.

ఒక కాగితం తీసుకుని ఇద్దరూ కూర్చోండి. మొదటి పది నిమిషాల్లో వచ్చేవి ఇలా ఉంటాయి: పెద్దమ్మ వాళ్ళు, ఆఫీసువాళ్ళు, పక్కింటివాళ్ళు, పాత ఇంటి ఓనరు వాళ్ళు. మేం రాసుకున్న మొదటి పేజీలో 31 వరుసలొచ్చాయి. ఇంతేనా అని సంబరపడ్డాం. మర్నాడు ‘వాళ్ళు’ అన్న చోటల్లా తలలు లెక్కపెడితే 31 కాస్తా 97 అయింది. ఒక్క పెద్దమ్మ వాళ్ళే తొమ్మిది మంది! మన భాషలో ఇంత ఖరీదైన మాట ఇంకోటి లేదేమో.

కాబట్టి జాబితాలో ‘వాళ్ళు’ అని రాయకూడదు. మూడు గడులు గీయండి. మొదటిదాంట్లో పేరు, రెండోదాంట్లో ఆ ఇంటి నుంచి వచ్చే తలలు, మూడోదాంట్లో ఆ పేరు ఎవరు చెప్పారన్నది. పిల్లలకి కుర్చీ కావాలంటే వాళ్ళూ తలలే. శుభలేఖలు మాత్రం ఇంటికొకటి చాలు కనుక వాటికి వరుసల సంఖ్య చూసుకోండి, తలల సంఖ్య కాదు. ఈ తేడా తెలియక రెట్టింపు అచ్చు వేయించినవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు లెక్క. మీ మొత్తం సొమ్ము 1000 పాళ్లు అనుకోండి. అందులో పదో వంతు, అంటే 100 పాళ్లు, ముందే తీసి దాచేయండి. అనుకోని ఖర్చు రాక మానదు. ఒక్కరు వచ్చినా వందమంది వచ్చినా మారని ఖర్చులున్నాయి: హాలు అద్దె, ఫొటోలు, మీ బట్టలు, అలంకరణ, నమోదు ఫీజు. అవన్నీ కలిపి 420 పాళ్లు అయ్యాయనుకుందాం. మిగిలింది 480. భోజనం, కుర్చీ, వడ్డన కలిపి మనిషికి 4 పాళ్లు పడితే 480ని 4తో భాగించండి. 120 మంది. మీ పెళ్లి సైజు అదీ.

జాబితాలో 170 మంది ఉన్నారా? అదనంగా 50 మంది, 200 పాళ్లు. ఇక్కడే అందరూ పూల మీద పడతారు. పూలకి 60 పాళ్లు పెట్టారనుకోండి, మొత్తం తీసేసినా దాంతో వచ్చేది 15 కుర్చీలు. మిగతా 35 మంది సంగతి? పూలు పోయాయి, టెన్షన్ మాత్రం అలాగే ఉంది.

ఇంకో చిన్న మెలిక. అయిదడుగుల గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది హాయిగా కూర్చుంటారు. 120 మందికి 15 బల్లలు. 121వ మనిషి వస్తే 16వ బల్ల వేయాలి, దాని మీద గుడ్డ, దాని దగ్గర వడ్డించే మనిషి. అలాంటి అంచు దగ్గర ఆగిపోవడం మంచిది.

అయితే తక్కువమందిని పిలవడమే పరిష్కారమని నేననను. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు ఆర్థికవేత్తలు 2014లో ఒక అధ్యయనం బయటపెట్టారు. పెళ్లయిన 3,000 మందికి పైగా అడిగి చూస్తే, ఖర్చు ఎక్కువైన పెళ్లిళ్లకి విడాకులతో సంబంధం కనిపించింది. జనం ఎక్కువగా వచ్చిన పెళ్లిళ్లేమో ఎక్కువకాలం నిలిచాయి. ఒక దేశపు లెక్క అది, పైగా ఇది జరిగినందువల్లే అది జరిగిందని చెప్పడానికి లేదు. కానీ నాకు పనికొచ్చింది ఏమిటంటే, జనాన్ని తగ్గించకుండా మనిషికయ్యే ఖర్చు తగ్గించే దారి కూడా ఉంది. భోజనాల వేళ కాకుండా మధ్యాహ్నం నాలుగింటికి పెట్టుకుని, అల్పాహారంతో సరిపెడితే మనిషికి 4 పాళ్లు కాస్తా 3 కావచ్చు. అదే 480లో 160 మంది పడతారు. జనం కావాలా, విందు కావాలా అన్నది మీరిద్దరూ తేల్చుకోవాలి. రెండూ కావాలంటే 1000 పాళ్లు చాలవు.

ఇక పేర్లు కొట్టేసే ఘట్టం. ఇద్దరి వైపు జాబితాలకీ ఒకే కొలత పెట్టండి. మేం పెట్టుకున్నది ఇదీ: గత ఏడాదిలో మనం వాళ్ళతోనో, వాళ్ళు మనతోనో పనిలేకుండా మాట్లాడామా? లేకపోతే కొట్టేయడమే. ఈ కొలతకి మా సొంత స్నేహితులే ఎక్కువమంది ఎగిరిపోయారు. కాస్త సిగ్గనిపించింది కూడా.

పెద్దవాళ్ళతో పేరు పేరుకీ వాదన పెట్టుకోకండి. అమ్మ “వాళ్ళని పిలవకపోతే ఏమనుకుంటారే?” అని ప్రతి పేరుకీ అంటూ ఉంటే మూడు సాయంత్రాలు గడిచిపోయాయి. నాలుగోరోజు మాట మార్చాను. “అమ్మా, నీకు ముప్ఫై కుర్చీలు. ఎవరిని కూర్చోబెడతావో నీ ఇష్టం, నేను అడగను.” అమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత పెన్ను అడిగి తీసుకుని తనే ఏడు పేర్లు కొట్టేసింది. అందులో రెండు, ముందురోజు నాతో పోట్లాడి రాయించినవే.

చివరగా నేను చేసిన పొరపాటు ఒకటి. కేటరర్‌కి 140 ప్లేట్లు చెప్పాను, వచ్చింది 118 మంది. 140కీ కట్టాను. సంఖ్య తగ్గించాలంటే ఫలానా రోజులోపే చెప్పాలని కాగితంలో ఉంది, నేను చదవలేదు. తప్పు ఆయనది కాదు. ఆ తేదీ ఏమిటో బేరం రోజునే అడగండి. దానికి వారం ముందు, జవాబివ్వని ప్రతి ఇంటికీ ఫోన్ చేసి “మీ ఇంటి నుంచి ఎంతమంది వస్తున్నారు?” అని అడిగేయండి. “వస్తాంలే” అంటే అంకె చెప్పేదాకా ఫోన్ పెట్టకండి.

వచ్చే పాఠం హాలు, దాని ఒప్పంద పత్రం. ఈలోపు మూడు గడుల జాబితా పూర్తిచేసి, కింద రెండు అంకెలు రాయండి: తలల మొత్తం, భాగహారంలో వచ్చిన సంఖ్య. తలలు ఎక్కువుంటే ఆ తేడా చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంచండి, హాలు చూడటానికి వెళ్లేటప్పుడు ఆ కాగితం జేబులో ఉండాలి.